బిగబట్టని ఊపిరి

మా ఊళ్లో మోటబావిలో ఈత నేర్చుకున్న వాళ్లందరికీ మొదటి పాఠం ఒకటే. గట్టు మీద నిలబడి గుండెల నిండా గాలి పీల్చి, ముక్కు మూసుకుని, ఊపిరి బిగబట్టి దూకడం. నడుముకు బెండ్లు కట్టి మా పెదనాన్న నన్ను నీళ్లలోకి తోసిన రోజు నుంచి నాకు నీళ్లంటే బిగబట్టిన ఊపిరే. నలభై ఏడేళ్ల వయసులో, అండమాన్ దీవుల్లోని హావ్‌లాక్‌లో, తాటాకు కప్పిన పాకలో కూర్చున్నప్పుడు మా ఇన్‌స్ట్రక్టర్ బోర్డు మీద రాసిన మొదటి వాక్యం: "ఎప్పుడూ ఊపిరి బిగబట్టకండి." ఆ ఒక్క మాటను ఒంటికి పట్టించుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మా అమ్మాయి డిగ్రీ పరీక్షలు అయిపోయాయి. ఎక్కడికైనా వెళదామంటే అండమాన్ అంది. అక్కడికెళ్లే వాళ్లలో చాలామంది అరగంట స్కూబా డైవ్ చేస్తారు. ఈత రాకపోయినా ఫరవాలేదు. ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి పట్టుకుని నీళ్లలో తిప్పి, ఫొటోలు తీసి, ఒడ్డుకు చేరుస్తారు. తనకు అది వద్దట. "ఒకళ్లు మోసుకెళితే చూసొచ్చినట్టు ఉంటుంది నాన్నా, నేర్చుకున్నట్టు ఉండదు" అంది. ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ పాఠాలు చెబుతున్న నాకు ఆ మాట నచ్చింది. ఇద్దరం నాలుగు రోజుల ఓపెన్ వాటర్ డైవింగ్ కోర్సుకు పేర్లిచ్చాం.

నంబర్లతో పిలిచే ఊళ్లు

చెన్నై మీదుగా పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాం. 2024లో ఆ ఊరికి శ్రీవిజయపురం అని పేరు మార్చారు కానీ ఆటోవాలా నోట ఇంకా పాత పేరే పలుకుతోంది. బజార్లో నాలుగడుగులు వేస్తే తెలుగు వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అందులో ఎక్కువగా కనిపిస్తాయి.

ఫీనిక్స్ బే జెట్టీలో ప్రభుత్వ ఫెర్రీ ఎక్కితే రెండున్నర గంటల్లో హావ్‌లాక్ చేరాం. ఒక బ్రిటిష్ సేనాని పేరు మోసిన ఈ దీవి 2018 డిసెంబరు 30 నుంచి స్వరాజ్ ద్వీప్. అంతకు సరిగ్గా 75 ఏళ్ల క్రితం, 1943లో అదే తేదీన, నేతాజీ సుభాష్ చంద్రబోస్ పోర్ట్‌బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. దీవిలో ఎక్కువ మంది తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వచ్చిన బెంగాలీ కుటుంబాల వాళ్లు. ఊళ్లకు గోవిందనగర్, విజయనగర్, కృష్ణనగర్, రాధానగర్ అని చక్కటి వైష్ణవ నామాలున్నా అందరూ నంబర్లతోనే పిలుస్తారు. మూడో నంబరులో బజారు, ఏడో నంబరులో రాధానగర్ బీచి. దారి పొడుగునా పోకచెట్లు, కొబ్బరిచెట్లు, వాకిట్లో చేపలు ఎండేసుకున్న ఇళ్లు. చెట్ల సందుల్లోంచి కనబడే సముద్రం రంగు ఒడ్డున లేత పచ్చ, అవతల ముదురు నీలం. ఆ రెండు రంగులూ కలిసే గీత దగ్గరే పగడపు దిబ్బ తెగి లోతు మొదలవుతుందని తర్వాత తెలిసింది.

బోర్డు మీది సూత్రం, చెవిలోని నొప్పి

నీళ్లకంటే ముందు కాగితాలొచ్చాయి. ఆస్తమా ఉందా, గుండె జబ్బు ఉందా, చెవి ఆపరేషన్ అయిందా, మందులేమైనా వాడుతున్నారా అని పొడుగాటి ఆరోగ్య పత్రం. దేనికైనా 'అవును' అంటే డాక్టరు సంతకం కావాలి. "ఇక్కడ అబద్ధం రాస్తే అది లోపల బయటపడుతుంది" అంది మా ఇన్‌స్ట్రక్టర్. ముప్పై దాటని మరాఠీ అమ్మాయి. మాట మెత్తన, నియమం గట్టి. తర్వాత ఆగకుండా 200 మీటర్ల ఈత, పది నిమిషాల పాటు నీళ్ల మీద తేలడం. మోటబావి చదువు ఇక్కడ పనికొచ్చింది.

మధ్యాహ్నం పాకలో పాఠం. నేలమీద మనల్ని చుట్టూ నొక్కే గాలి బరువు ఒక వాతావరణ పీడనం. ఉప్పునీటిలో ప్రతి పది మీటర్లకూ ఇంకొకటి చేరుతుంది. పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై దగ్గర మూడు, ముప్పై దగ్గర నాలుగు. పీడనం రెట్టింపయితే గాలి ఘనపరిమాణం సగమవుతుంది. బాయిల్ సూత్రం. ఏటా పిల్లల చేత గ్రాఫు గీయిస్తాను. దాని అర్థం మాత్రం నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. పది మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండా పీల్చుకున్న నాలుగు లీటర్ల గాలిని బిగబట్టి పైకి తేలితే, అది ఎనిమిది లీటర్లు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తికి అంత చోటు లేదు. చిరిగిపోతుంది. అందుకే గాలి ట్యాంకుతో దిగినవాడు పీల్చాలి, వదలాలి, మళ్లీ పీల్చాలి. ఆపకూడదు.

ఇంకో సంగతి కూడా ఆ గ్రాఫులోనే ఉంది. ఇరవై నుంచి ముప్పై మీటర్లకు దిగేటప్పుడు గాలి నాలుగో వంతు కుంచించుకుంటుంది. పైనుంచి మొదటి పది మీటర్లలో ఏకంగా సగమైపోతుంది. మనం లోతును చూసి భయపడతాం. ఊపిరితిత్తులకూ చెవులకూ పెద్ద పరీక్ష పెట్టేది పైపై నీళ్లే. మరుసటి రోజు మూడు మీటర్లు దిగగానే కర్ణభేరి మీద సూదితో గుచ్చినట్టయింది. ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదితే చెవిలో 'టిక్' మంటుంది, నొప్పి పోతుంది. నొప్పి వచ్చాక ఊదడం తప్పు, రాకముందే మీటరు మీటరుకూ ఊదాలి. పోలేదంటే కొంచెం పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబు చేసినవాళ్లను ఆ రోజు దించరు. బలవంతంగా దిగడమనే మాటకు ఈ విద్యలో చోటు లేదు.

నైట్రోజన్ పాఠం చెప్పేటప్పుడు ఆమె కూల్‌డ్రింక్ సీసా తెచ్చింది. నేను మనసులో మా ఊరి గోలీసోడా తలుచుకున్నాను. గోలీ బిగిసి ఉన్నంతసేపూ లోపల నీళ్లే కనబడతాయి. గోలీ నొక్కగానే బుసబుసమని బుడగలు. లోతున పీడనం వల్ల మన రక్తంలోకీ కండల్లోకీ నైట్రోజన్ కరుగుతుంది. మెల్లగా పైకొస్తే ఊపిరితోపాటు బయటికి పోతుంది. దూసుకుని పైకొస్తే సోడా సీసా తెరిచినట్టే. బుడగలు కీళ్లలోనో, నరాల్లోనో చిక్కుకుంటాయి. అందుకే పైకి తేలే వేగానికి హద్దుంది. మనం వదిలిన చిన్నచిన్న గాలి బుడగలను దాటి మనం పోకూడదు. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి.

ఈ విద్యకు మూలమైన పరికరం పుట్టింది కూడా 1943లోనే, యుద్ధం నడుమ ఫ్రాన్సులో. పెట్రోలు దొరక్క కార్లను గ్యాసుతో నడపడానికి ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరు ఒక రెగ్యులేటర్ తయారుచేశాడు. నౌకాదళ అధికారి జాక్ కూస్తో దాన్ని నీటి అడుగున ఊపిరికి మలుచుకున్నాడు. పీల్చినప్పుడే గాలి ఇచ్చి, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానంగా ఇచ్చే ఆ చిన్న మరే ఇవాళ నా నోట్లో ఉన్నది. అంతకుముందు లోతుకు దిగేవాళ్లలో చాలామందికి పైనుంచి గొట్టం కావాలి. ఆ గొట్టం తెగ్గొట్టి మనిషిని చేపలాగా వదిలింది ఇదే.

నడుము లోతు నీళ్లలో భయం

రెండు రోజులు ఒడ్డు దగ్గరే సాధన. ఆటుపోట్లు చూసుకుని దిగాలి. పాటు సమయంలో ఈ తూర్పు తీరాన నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు తేలతాయి. ట్యాంకు, గాలి నింపుకునే జాకెట్, సీసం బిళ్లల బెల్టు, కాళ్లకు ఫిన్స్. ఒడ్డున మోస్తే నడుం వంగిపోయే బరువు, నీళ్లలోకి దిగగానే మాయమైంది.

మోకాళ్ల మీద ఇసుకలో కూర్చోబెట్టి ఒక్కో పాఠం చేయించింది. నోట్లోంచి రెగ్యులేటర్ తీసి, సన్నగా బుడగలు వదులుతూ, చెయ్యి వెనక్కి చాపి వెతికి మళ్లీ పెట్టుకోవాలి. అది వచ్చింది. మాస్కు నిండా నీళ్లు నింపి, ముక్కుతో గాలి వదిలి ఆ నీళ్లను బయటికి నెట్టాలి. ఇక్కడ ఆగిపోయాను. నీళ్లు ముక్కు దాకా రాగానే బిగబట్టేశాను. నలభై ఏళ్ల అలవాటు. గుండె దడదడలాడింది. లేచి నిలబడితే నీళ్లు ఛాతీ దాకా లేవు. అంత లోతులోనే మనిషికి ప్రాణభయం ఎలా ఉంటుందో చూశాను. ఉప్పునీళ్లు మింగి దగ్గుతుంటే మా ఇన్‌స్ట్రక్టర్ గదమలేదు, బుజ్జగించనూ లేదు. "తొందరేం లేదు. ముందు కళ్లు మూసుకుని నోటితో పది ఊపిర్లు తీసుకోండి. ఎంతసేపైనా తీసుకోండి" అంది. పది తీసుకున్నాను. ఏడోసారికి మాస్కు ఖాళీ అయింది. ఆ మధ్యాహ్నం మరో ఐదుసార్లు అడిగి మరీ చేశాను.

మూగ భాష కూడా ఒకటి నేర్చుకోవాలి. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే 'బాగున్నాను'. అరచెయ్యి అటూఇటూ ఊపితే 'ఏదో తేడాగా ఉంది'. ఒడ్డు మీద 'భేష్' అనే అర్థంలో ఎత్తే బొటనవేలికి ఇక్కడ 'పైకి పోదాం' అని అర్థం. ఎవరు ఎత్తినా, కారణం అడగకుండా అందరూ పైకి పోవాలి. చేతిని గొంతుకు అడ్డంగా కదిపితే 'నాకు గాలి లేదు'.

ఆ చివరి సైగ నేను మా అమ్మాయికి చేయాలి. కోర్సులో తను నా జోడీ. నీళ్లలో ఎవరూ ఒంటరిగా దిగరు. దిగేముందు ఒకరి జాకెట్, బరువులు, బకిళ్లు, గాలి, కవాటాలు మరొకరు చూసి తీరాలి. లోపల చెయ్యి చాపితే అందే దూరంలో ఉండాలి. గొంతుకు అడ్డంగా చెయ్యి కదిపి రెగ్యులేటర్ తీసేశాను. తను తడబడలేదు. తన జాకెట్‌కు ఉన్న పసుపు రంగు రెండో రెగ్యులేటర్ తీసి నా నోటికి అందించి, నా ముంజేతిని గట్టిగా పట్టుకుంది. తన వీపు మీది ట్యాంకులోంచి రెండు నిమిషాలు ఊపిరి తీసుకున్నాను. మాస్కుల మధ్య రెండు జతల కళ్లు తప్ప ఏమీ లేదు. ఇరవై ఏళ్లుగా తన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన తండ్రిని. ఆ రెండు నిమిషాల్లో తను పెద్దదైపోయిందని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

డుంగీ మీద

మూడో రోజు డుంగీ ఎక్కాం. అండమాన్‌లో చెక్కపడవను అలాగే అంటారు. నడిపే పెద్దాయన కరెన్ జాతి వాడు. 1925లో బర్మా నుంచి వచ్చి అండమాన్‌లో స్థిరపడిన వాళ్ల సంతతి. ఈ దీవుల్లో పడవలు నడిపేవాళ్లలో, డైవ్ గైడ్లలో కరెన్లు చాలామంది. ట్యాంకులు అందిస్తున్న కుర్రాడు మా మాటలు విని వచ్చాడు.

"మాస్టారూ, మీది ఏ ఊరు?"

చెప్పాను. వాళ్ల తాత ఇచ్ఛాపురం అవతల నుంచి వచ్చాడట. "నేనిక్కడే పుట్టినాను. ఊరు రెండుసార్లు చూసినాను, అంతే" అన్నాడు. కాసేపాగి, తాడు చుడుతూ, "మా తాత, నాన్న సముద్రం మీదే బతికినారు మాస్టారూ. లోపల ఏటుందో మాత్రం చూళ్లేదు. నేను చూసినాను" అన్నాడు.

పడవ అంచున కూర్చుని వెనక్కి ఒరిగిపోయాం. బుడగల తెర తొలగగానే, కింద ఒక తోట. పగడం అంటే మనకు ఉంగరంలో రాయి. ఇక్కడ అది ప్రాణి. ఆవగింజంత, శనగగింజంత జీవులు సున్నంతో తమ ఇల్లు తామే కట్టుకుంటూ, తరాల తరబడి ఒకదాని మీద ఒకటి పేర్చిన ఊళ్లు ఇవి. కొన్ని జింక కొమ్ముల్లా, కొన్ని బల్లల్లా, కొన్ని మనిషి మెదడులా. ఎనిమోన్లనే పువ్వుల్లాంటి సముద్ర జీవుల మెత్తటి వేళ్ల మధ్య తెల్లచారల నారింజ రంగు క్లౌన్ చేపలు. వీటిలో అన్నీ మగవిగానే పుడతాయి. గుంపులో పెద్దది ఆడదవుతుంది. అది చనిపోతే తర్వాతి మగది ఆ చోటికి వస్తుంది. చిలకముక్కు చేపలు పగడాన్ని కొరుకుతున్న 'కరకర' చప్పుడు చెవులకు స్పష్టంగా తెలుస్తోంది. అవి తిని విసర్జించేదే తెల్లటి ఇసుక. ఒడ్డున మనం నడిచే మెత్తటి ఇసుకలో వాటి పాలు ఉంది.

ఆ తోట పక్కనే బూడిదరంగు ముక్కల కుప్పలు కూడా ఉన్నాయి. విరిగి చచ్చిన పగడాలు. 2004 డిసెంబరు 26 సునామీ ఈ దీవుల పగడాలను దెబ్బతీసింది. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. వాటి ఒంట్లో ఉండి ఆహారం చేసిపెట్టే సూక్ష్మ నాచును వేడికి అవి బయటికి నెట్టేస్తాయి. రంగు పోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తాయి. అవన్నీ పెద్ద కారణాలు. చిన్న కారణాన్ని నేను కళ్లారా చూశాను. కాళ్లు కిందికి వేలాడేసి తన్నుకుంటున్న ఒక కొత్త డైవర్ ఫిన్ తగిలి, కొమ్ములాంటి పగడం పుటుక్కున విరిగింది. అతనికి తెలియను కూడా తెలియలేదు. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరిగే ప్రాణి అది.

అప్పుడు అర్థమైంది, రెండు రోజులు ఇసుక మీద మా చేత తేలడం ఎందుకు అంతగా సాధన చేయించిందో. మునగకుండా, తేలకుండా, మధ్యలో నిలబడాలి. జాకెట్‌లో కాస్త గాలి, మిగతాదంతా ఊపిరితోనే. పీలిస్తే జానెడు పైకి, వదిలితే జానెడు కిందికి. చేతులు ఆడించకూడదు. ఊపిరే చుక్కాని. బిగబట్టినా, ఎగబీల్చినా అదుపు తప్పుతుంది. ప్రశాంతంగా ఊపిరి తీసేవాడే పగడానికి తగలకుండా ఉంటాడు. భద్రత కోసం చెప్పిన మొదటి వాక్యమూ, పగడం కోసం చెప్పిన చివరి పాఠమూ ఒకటే.

పద్దెనిమిది మీటర్లు

నాలుగో రోజు జెట్టీకి దగ్గరలోని 'ది వాల్' అనే చోటికి తీసుకెళ్లారు. పది మీటర్ల దగ్గర మొదలై ఇంకా కిందికి జారిపోయే రాతి గోడ. ఈ కోర్సుకు హద్దు 18 మీటర్లు. పదహారు దగ్గర నా చేతికున్న సింహాచలం తోరం చూసుకున్నాను. ఎర్రటి దారం బూడిదనలుపుగా ఉంది. నీళ్లు వెలుగులోని ఎరుపును ముందుగా మింగేస్తాయి. ఇన్‌స్ట్రక్టర్ దాని మీద టార్చి వేసింది. ఒక్కసారిగా కుంకుమలా వెలిగింది. గోడ మీద టార్చి తిప్పితే, బూడిదగా కనిపించిందంతా ఎరుపు, ఊదా, పసుపు. రంగులన్నీ అక్కడే ఉన్నాయి, వెలుగే చేరలేదు.

సందులోంచి మోరే ఈల్ నోరు తెరుస్తూ మూస్తూ చూసింది. రెక్కలు విసనకర్రలా విప్పుకుని లయన్ ఫిష్ కదలకుండా నిలబడింది. ముళ్లలో విషముంది. దూరం నుంచి నమస్కరించాలి. పసుపు చారల స్నాపర్ చేపల మంద మా ఇద్దరినీ చుట్టి దాటిపోయింది.

గేజి చూసుకున్నాను. 200 బార్ పీడనంతో దిగిన ట్యాంకు. అందులో సుమారు 2,200 లీటర్ల గాలి. పైన నిమిషానికి ఇరవై లీటర్లు పీల్చేవాడు పది మీటర్ల దగ్గర నలభై వాడుతాడు. లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, భయం పెరిగితే ఇంకా పెరుగుతుంది. నాది 90కి వచ్చింది, మా అమ్మాయిది 120 ఉంది. ఇద్దరిలో ఎవరిది ముందు తగ్గితే వాళ్ల లెక్కే ఇద్దరికీ లెక్క. తను ఒక్క క్షణం కూడా అక్కడే ఉంటానని సైగ చేయలేదు. బొటనవేలు పైకెత్తింది. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు పక్కపక్కన నిలబడ్డాం. పడవెక్కేసరికి నా ట్యాంకులో 50 బార్ మిగిలింది.

సాయంత్రం 50 ప్రశ్నల పరీక్ష రాశాం. 75 శాతం మార్కులు రావాలి. ఇద్దరికీ వచ్చాయి.

వరసగా డైవ్‌లు చేశాక 18 గంటలు విమానం ఎక్కకూడదు. విమానంలో పీడనం తగ్గితే మళ్లీ ఆ సోడా సీసా కథే. ఆ మిగిలిన రోజు రాధానగర్ బీచిలో గడిపాం. రాజన్ అనే ఏనుగు ఈదిన దీవి ఇది. కలప దుంగలు లాగడానికి తెచ్చిన ఆ ఏనుగు సముద్రంలో ఈదడం నేర్చుకుంది. చివరి రోజులు ఇక్కడే గడిపి 2016లో కన్నుమూసింది.

హావ్‌లాక్ వెళ్లే తెలుగువాళ్లకు నా మాట ఇది. వీలుంటే అరగంట ఫొటోల డైవ్ వద్దు, నాలుగు రోజులు పెట్టుకోండి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తేటగా ఉంటాయి. ఆరోగ్య పత్రంలో నిజం రాయండి. చెవి నొప్పిస్తే ఆగండి. దేన్నీ తాకకండి. గవ్వ, పగడపు ముక్క ఏదీ సంచిలో వేసుకోకండి. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. అన్నిటికంటే ముందు, మనది ఇంత పొడవైన తీరం, ఇన్ని కాలువలూ చెరువులూ ఉన్న నేల, మీ పిల్లలకు ఈత నేర్పండి. బావిలోనైనా, కొలనులోనైనా, పక్కన ఒక పెద్దవాళ్లు ఉండగా నేర్పండి. నీళ్లలో మొదటి పాఠం ఊపిరిది, రెండోది పక్కవాడిది.